వెల్లకిలా ఈదే చేప

మా ఇంట్లో ఒక చేప ఇరవై మూడు రోజులు వెల్లకిలా బతికింది. పొట్ట పైకి, వీపు కిందికి. చచ్చిన చేపలు అలాగే తేలుతాయి కదా, ఇంటికొచ్చినవాళ్ళు ట్యాంకు ముందు ఒక్క క్షణం ఆగి, నా మొహంలోకి చూసి, ఏదో అనబోయి ఊరుకునేవాళ్ళు. "లేదండీ, బతికే ఉంది" అని నేనే చెప్పేవాణ్ణి. దాని మొప్పలు ఆడుతూనే ఉండేవి. గింజలు వేస్తే ఆ తలకిందుల స్థితిలోనే కొట్టుకుంటూ వచ్చి ఒకటో రెండో అందుకునేది. అది రెడ్ క్యాప్ ఒరాండా. తెల్లటి ఒళ్ళు, తలమీద ఎర్రటి కండ. అందుకే మా అమ్మాయి దానికి బొట్టు అని పేరు పెట్టింది.

మొదటి వారం నా తలలో ఉన్న ప్రశ్న ఒకటే, దీన్ని ఎలా తిప్పాలి? రెండో వారానికి ప్రశ్న మారిపోయింది. దీన్ని ఇలా తయారుచేసిన పనిలో నా వాటా ఎంత?

కొంచెం వెనక్కి వెళ్ళాలి. రెండేళ్ళ క్రితం మా అమ్మాయి పుట్టినరోజుకి ఒక 40 లీటర్ల ట్యాంకు, రెండు చేపలు, నీలంరంగు గులకరాళ్ళు, మూత తెరుచుకుని బుడగలు వదిలే ఒక ప్లాస్టిక్ నిధిపెట్టె కొన్నాం. ఇంకాస్త పెద్ద ట్యాంకు ఉందా అని అడిగితే దుకాణం అతను నవ్వాడు. "పెద్దదెందుకు సార్, ట్యాంకు ఎంతుంటే చేప అంతే పెరుగుద్ది." ఈ మాట ఆ ఒక్క దుకాణంలోదే కాదు, ఎక్కడికెళ్ళినా వినపడుతుంది. అందులో సగం నిజం ఉండటంతోనే వచ్చింది చిక్కు. చిన్న ట్యాంకులో గోల్డ్‌ఫిష్ నిజంగానే పెరగదు. ఎందుకంటే తన విసర్జనలోనే తాను బతుకుతూ గిడసబారిపోతుంది. సరిపోయే చోటూ నీళ్ళూ ఉంటే పదేళ్ళు, పదిహేనేళ్ళు బతకగల ప్రాణి. మనం దాన్ని రెండు నెలల బొమ్మ అనుకుంటాం, అది రెండు నెలలకే చచ్చిపోయి మన నమ్మకాన్ని నిలబెడుతుంది.

రెండో చేప బ్లాక్ మూర్. పేరు కాటుక. పదో రోజున చచ్చిపోయింది. ఆ రాత్రి కూచుని చదివాను, చదివితే తెలిసింది. చేప మొప్పల గుండా అమ్మోనియా వదులుతుంది. అది విషం. కొన్ని రకాల బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి, అదీ విషమే. ఇంకొన్ని ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తాయి, అది కొంత మేరకు ఫర్వాలేదు, వారంవారం నీళ్ళు మార్చి తగ్గించుకోవచ్చు. ఈ బాక్టీరియా ఉండేది ఫిల్టర్ స్పాంజిలో. కొత్త స్పాంజిలో అవి ఉండవు, స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే కొత్త ట్యాంకు అంటే మరుగుదొడ్డి కట్టకుండా గృహప్రవేశం చేసిన ఇల్లు. పైగా నేను ఆరో రోజున "శుభ్రంగా ఉండాలి" అని ఆ స్పాంజిని కుళాయి కింద పెట్టి బాగా పిండి ఉతికాను. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అప్పుడప్పుడే మొదలవుతున్న నాలుగు బాక్టీరియాని కూడా నా చేతులతోనే చంపేశాను. కాటుకని చంపింది నా శుభ్రత.

అపరాధభావానికి ఇంజినీరు దగ్గర ఒకటే మందు, కొలవడం. 200 లీటర్ల ట్యాంకు తెచ్చాను. టెస్ట్ కిట్ తెచ్చాను. క్లోరిన్ విరగ్గొట్టే మందు తెచ్చాను. మా అపార్ట్‌మెంటు సంపులో మంజీరా నీళ్ళూ బోరు నీళ్ళూ ఏ రోజుకారోజు వేరే పాళ్ళలో కలుస్తాయి కాబట్టి పీహెచ్ రోజూ రాసుకునేవాణ్ణి. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే, మొత్తం అమ్మోనియా అంతే ఉన్నా, అందులో విషపు రూపం దాదాపు పదిరెట్లవుతుందని తెలుసుకున్నప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పుకోదగ్గది కాదు. ఒక స్ప్రెడ్‌షీటు, దానిమీద ఒక గ్రాఫు. ఆఫీసులో నా పని కూడా ఇలాంటి గీతలు పైకి లేవకుండా చూసుకోవడమే. ఆ గీతలు కింద ఉన్నన్నాళ్ళూ నేను మంచివాణ్ణి అనిపించేది. చేపని చూడటంకంటే ఆ సున్నాని చూడటం నాకు ఎక్కువ ఇష్టంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఏప్రిల్ చివరికి హాల్లో నీళ్ళు 31 డిగ్రీలకి చేరాయి. గోల్డ్‌ఫిష్ చల్లనీళ్ళ చేప. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. వేడికి చేపకి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే నీళ్ళలో అది తగ్గుతుంది. అందుకని మేం ఆఫీసులకి వెళ్ళాక కూడా మధ్యాహ్నాలు హాల్లో ఏసీ వేసి ఉంచేవాణ్ణి. మా ఇంట్లో పనిచేసే ఆవిడ మా వాచ్‌మన్ భార్య. సెల్లార్లో, కార్ల పక్కన, ఒక రేకుల గదిలో నలుగురు ఉంటారు. ఒకరోజు గిన్నెలు తోమడానికి వచ్చి, చల్లటి ఖాళీ హాలు చూసి, "చాపలకా సార్ ఏసీ?" అంది. నిష్ఠూరం లేదు, ఆశ్చర్యమే. నేను నీళ్ళలో ఆక్సిజన్ గురించి ఏదో చెప్పబోయి ఆపేశాను. ఆ మాటకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. దీన్ని ఇక్కడ ఇలాగే వదిలేస్తాను. దయ అంతా అందరికీ సమానంగా పంచలేం అన్న వాదం నాకు తెలుసు. ఆ వాదం ఏసీ గదుల్లోనే ఎక్కువ వినపడుతుందని కూడా తెలుసు.

సరే. రెండో ఏడు వానాకాలంలో ఒక ఉదయం బొట్టు తిరగబడింది. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20, నీళ్ళు 25 డిగ్రీలు. గ్రాఫులో ఏ గీతా కదల్లేదు. చెయ్యాల్సినవన్నీ చేశాను. మూడు రోజులు పస్తు పెట్టాను. ఉడికించి తొక్క తీసిన బఠాణీ పెట్టాను. గోల్డ్‌ఫిష్‌కి జీర్ణాశయం ఉండదు, ఉన్నదంతా పొడుగాటి పేగు, అది బిగుసుకుంటే గాలితిత్తి మీద ఒత్తిడి పడుతుందంటారు. ఎప్సమ్ సాల్టు కలిపాను. నీటిమట్టం తగ్గించాను. పైకి తేలిన పొట్ట మీద, నీళ్ళకి బయట ఉండే చోట, రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కమిలింది.

పదో రోజున మావయ్య ఫోన్ చేశాడు. ఆయనకి భీమవరం దగ్గర చేపల చెరువులున్నాయి. నేను మాట్లాడే ఆక్సిజన్, అమ్మోనియా ఆయనకి నాకంటే బాగా తెలుసు. నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున కాబట్టి, ముప్ఫై ఏళ్ళుగా నాలుగింటికి లేచి గట్టు మీదికి వెళ్ళే మనిషి. నా కథంతా విని, "అలా తిరగబడిందాన్ని ఇన్నాళ్ళుంచావేంట్రా? తీసేయ్" అన్నాడు.

"బతికే ఉంది మావయ్యా."

"బతికుందని తెలుస్తానే ఉందిరా. అందుకే తీసేయమంటన్నా."

నాకు కోపం వచ్చింది. నువ్వు ఏడాదికి ఎన్ని టన్నుల చేపల్ని లారీ ఎక్కిస్తావు, నువ్వా నాకు చెప్పేది అన్నట్టు ఏదో అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "మా బొచ్చె, శీలావతి పట్టుబడి రోజు దాకా చేపలా ఈదుద్దిరా. నీది ఎప్పుడు ఈదింది?" అన్నాడు.

మావయ్య చెరువులు ధర్మక్షేత్రాలేం కావు. కిక్కిరిసిన నీళ్ళు, మందులు, ఐసు పెట్టెలు, అన్నీ ఉన్నాయక్కడ. మేమూ ఆదివారం పులుసు తినేవాళ్ళమే, బొట్టు వెల్లకిలా ఉన్న ఆ వారాల్లో కూడా తిన్నాం. కానీ ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. నిజమే, బొట్టు ఎప్పుడు ఈదింది? గోల్డ్‌ఫిష్ కూడా బొచ్చెలాగా, శీలావతిలాగా కార్ప్ కుటుంబం చేపే. దాని పూర్వీకులు కండెలాంటి ఒళ్ళుతో, నిటారు వెన్నుతో, ఒకే తోకతో ఈదేవి. బొట్టు వెన్ను పొట్టిది, కడుపు బంతి, తోక రెండు పాయలై వెనక చీర కొంగులా వేలాడేది. కొలతలో నాలుగు అంగుళాల ఒంట్లో ఆరు అంగుళాల చేపకి కావలసిన పేగులూ గాలితిత్తీ కుక్కి పెట్టినట్టు. మామూలుగా ఉన్నప్పుడు కూడా అది ఈదేది కాదు, ఊగుతూ నెట్టుకుంటూ వచ్చేది. ఆ ఊపునే మేం "ముద్దుగా ఉంది" అనుకున్నాం. చివరికి తిరగబడటం జబ్బు కాదనీ, ఆ ఆకారం ఏదో ఒక రోజు చేయబోయే పనేననీ నాకు అప్పుడు అర్థమైంది. రెండేళ్ళు నేను నీళ్ళని కొలిచాను. లోపం నీళ్ళలో లేదు.

ఈ ఆకారం ఎక్కడినుంచి వచ్చిందో చదవడం మొదలుపెట్టాను. అక్కడ నేను ఊహించనిది ఎదురైంది.

చైనాలో మామూలు బూడిదరంగు చేపల్లో అప్పుడప్పుడూ ఒకటి బంగారు రంగులో పుట్టేది. తినే చేపే. కానీ రంగు వింతగా ఉంది కాబట్టి భక్తులు దాన్ని వండుకోకుండా బౌద్ధాలయాల కొలనుల్లో వదిలిపెట్టేవాళ్ళు. ప్రాణాన్ని విడిచిపెట్టడం పుణ్యం కదా. సోంగ్ వంశం కాలానికి, అంటే సుమారు వెయ్యేళ్ళ క్రితానికి, అలాంటి కొలనుల్లో బంగారు చేపలు పేరుపడ్డాయి. 12వ శతాబ్దంలో దక్షిణ సోంగ్ చక్రవర్తి గావ్‌జోంగ్ హాంగ్‌చౌలో వాటికోసం కొలను పెట్టించాడు. మింగ్ కాలం వచ్చేసరికి అవి కొలనుల నుంచి ఇళ్ళలోని పింగాణీ తొట్టెల్లోకి మారాయి. 1596 నాటికి వాటిమీద ఒక పుస్తకమే వచ్చింది. తొట్టెలో కొంగ రాదు, పెద్ద చేప రాదు, తిండికి పోటీ లేదు. వాగులో ఒక్కరోజు బతకని రెండుతోకల పిల్ల, గుడ్లు బయటికొచ్చిన పిల్ల, వీపు రెక్క లేని పిల్ల, తొట్టెలో బతికాయి. ఎవరో చూసి ముచ్చటపడ్డారు. ముచ్చటైనవాటినే జత కట్టించారు. అప్పట్లో తొట్టెలోకి చూసేది పైనుంచే. అందుకే రాంచూ లాంటి జాతుల్ని ఇవాళ్టికీ పైనుంచి చూసే అంచనా వేస్తారు. సెలెస్టియల్ అనే జాతికైతే కళ్ళు శాశ్వతంగా ఆకాశంవైపు తిరిగి ఉంటాయి. అది ఎదుట ఉన్న తిండిని చూడలేదు. వంగి చూసే మనిషిని మాత్రం చూస్తూ ఉంటుంది. బబుల్ ఐకి కళ్ళ కింద నీటి సంచులు వేలాడతాయి, గరుకు రాయి తగిలితే చాలు, పగులుతాయి.

క్రూరత్వంతో మొదలై ఉంటే నాకు ఇంత ఇబ్బంది ఉండేది కాదు. ఇది జాలితో మొదలైంది. జాలి కాపాడింది, కాపాడటం వల్ల వింతలు నిలిచాయి, వింతల మీద ఇష్టం పెరిగింది, ఆ ఇష్టం వెన్నెముకల్ని వంచింది. ఆ వరసలో ఎక్కడా ఒక్క చెడ్డవాడు లేడు. ఈ చివర, టెస్ట్ కిట్ పట్టుకుని, నేనున్నాను.

భూగోళ శాస్త్రవేత్త యీ-ఫూ తువాన్ 1984లో 'డామినెన్స్ అండ్ అఫెక్షన్' అని ఒక పుస్తకం రాశాడు. తోటల్లో కత్తిరించిన చెట్లు, ఫౌంటెన్లు, కుక్కలు, బంగారు చేపలు, వీటన్నిటి గురించి. ఆధిపత్యానికి ప్రేమ తోడు కాకపోతే బాధితులు పుడతారు, తోడైతే పెంపుడు ప్రాణులు పుడతాయి అన్నది ఆయన వాదన సారం. మంచి పుస్తకం. కానీ చదువుతున్నంతసేపూ నాకు అందులో చూసే యజమాని కనిపించినంతగా, మోకాళ్ళమీద కూచుని బకెట్లతో నీళ్ళు మోసే యజమాని కనిపించలేదు. పెంచేవాడికి తన చాకిరీయే కనపడుతుంది, తన ఆధిపత్యం కనపడదు. ఆదివారం ఉదయం వంద లీటర్లు మార్చి నడుం పట్టేసినవాడికి "నువ్వు దీని యజమానివి" అంటే నవ్వొస్తుంది. ఆ చాకిరీయే మంచి ముసుగు అని నా అనుమానం.

అదే 1984లో డెరెక్ పార్ఫిట్ రాసిన 'రీజన్స్ అండ్ పర్సన్స్' వచ్చింది. అందులో ఒక చిక్కుముడి ఉంది, మన భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది. ఒక ప్రాణి ఏ పనివల్ల లోపంతో పుట్టిందో, ఆ పని జరక్కపోతే ఆ ప్రాణే పుట్టేది కాదు. వేరేది పుట్టేది. బతుకు బొత్తిగా బతకదగనిది కాకపోతే, నాకు అన్యాయం జరిగింది అని అది ఎలా అనగలదు? బొట్టుకి సరిగ్గా సరిపోతుంది ఈ చిక్కు. వెయ్యేళ్ళ ఎంపిక లేకపోతే బొట్టు నిటారు వెన్నుతో పుట్టి ఉండేది కాదు, అసలు బొట్టే ఉండేది కాదు. కాబట్టి ఎవరికి అపకారం జరిగినట్టు?

ఈ వాదంలో తప్పు పట్టుకోవడానికి చాలా రోజులు ప్రయత్నించాను. పట్టుకోలేకపోయాను, పార్ఫిట్‌కే పూర్తిగా లొంగలేదది. కానీ ఒకటి గమనించాను. ఆ వాదం చేప తరఫున ఫిర్యాదు వెతుకుతుంది. ఫిర్యాదు చేపదే కానక్కర్లేదు. అంగడిలో వరసగా ఉన్న తొట్టెల్లో, ఈదగలిగేవాటిని వదిలేసి ఈదలేనిదాన్ని వేలు పెట్టి చూపించి, "అది ఇవ్వండి, ముద్దుగా ఉంది" అన్న మనిషి ఒకడున్నాడు. చెన్నై కొళత్తూరులోనో ఇంకోచోటో చేపలు పొదిగించేవాళ్ళకి ఆ వేలు ఏ దిక్కు చూపిస్తుందో బాగా తెలుసు. వచ్చే ఏడు ఏ పిల్లలు పుట్టాలో ఆ వేలే నిర్ణయిస్తుంది. బొట్టుకి నేను అపకారం చేశానో లేదో తెలీదు. బొట్టు తర్వాత పుట్టబోయేదాన్ని మాత్రం నేనే కోరుకున్నాను.

పదిహేనో రోజుకి బొట్టు తినడం తగ్గించింది. మావయ్య మాట గురించి మళ్ళీ ఆలోచించడం మొదలుపెట్టాను. లవంగ నూనెలో ఉండే యూజినాల్ చేపలకి మత్తుమందు. మోతాదు పెంచితే ఆ నిద్రలోంచి లేవవు. సీసా కొన్నాను. ఎనిమిది రోజులు అది ఫ్రిజ్ పక్కన అలా కూచుని ఉంది.

ఆ రోజుల్లోనే డెన్మార్క్‌లోని ట్రాపోల్ట్ మ్యూజియం సంగతి చదివాను. 2000లో మార్కో ఎవరిస్టి అనే కళాకారుడు అక్కడ పది మిక్సీల్లో నీళ్ళు పోసి గోల్డ్‌ఫిష్‌లని పెట్టి, ప్లగ్గు పెట్టి వదిలేశాడు. మీట నొక్కాలా వద్దా అన్నది చూడొచ్చినవాళ్ళ ఇష్టం. కొందరు నొక్కారు. మ్యూజియం డైరెక్టరుకి జరిమానా వేస్తే ఆయన కట్టనన్నాడు. 2003లో కోర్టు ఆయన్ని వదిలేసింది. చేపలు దాదాపు తక్షణమే చనిపోయాయి కాబట్టి అది హింస కిందకి రాదని. మొదట చదివినప్పుడు ఒళ్ళు మండింది. తర్వాత ఫ్రిజ్ పక్కన సీసా వైపు చూశాను. ఆ కోర్టు లెక్కలో, బాధ ఎంతసేపు అన్నదొక్కటే కొలత అయితే, ఆ మీట నొక్కిన అపరిచితుడు నాకంటే మెరుగు. ఆయనది ఒక సెకను. నాది అప్పటికి ఇరవై రోజులు, ప్రేమతో.

చేపకి బాధ తెలుస్తుందా అని అడిగేవాళ్ళుంటారు. నేనూ అడిగాను, ఎందుకంటే తెలీదంటే నాకు ఎంతో హాయి. 2003లోనే లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషం, ఆమ్లం ఎక్కించి చూసింది. చేపలు తిండి మానేశాయి, ఆమ్లం ఎక్కించినవి పెదవుల్ని గులకరాళ్ళకేసి రుద్దుకున్నాయి. మార్ఫిన్ ఇస్తే ఆ రుద్దుకోవడం తగ్గింది. దీనిమీద శాస్త్రవేత్తల మధ్య వాదులాట ఇంకా ఉంది. కమిలిన పొట్ట ఉన్న చేప ముందు కూచున్నవాడికి ఆ వాదులాట తేలేదాకా ఆగే తీరిక ఉండదు.

మా అమ్మాయికి అమ్మ ఫోన్లో కథలు చెబుతుంది. ఆ వారం, కావాలనో కాకతాళీయమో, మత్స్యావతారం కథ చెప్పింది. నేను పక్కన కూచుని విన్నాను. భాగవతంలో అది సత్యవ్రతుడి కథ, శతపథ బ్రాహ్మణంలో మనువు కథ. చేతులు కడుక్కునే నీళ్ళలో ఒక చిన్న చేప వస్తుంది. పెద్ద చేపలు నన్ను తినేస్తాయి, కాపాడు అంటుంది. అంటే మత్స్యన్యాయం నుంచి రక్షణ. కుండలో పెడతాడు. చేప పెరుగుతుంది, కుండ చాలదు. గొయ్యి తవ్వి అందులో వేస్తాడు. అదీ చాలదు. చివరికి సముద్రంలో వదులుతాడు. ఎన్నోసార్లు విన్న కథే. కానీ ప్రళయం, పడవ, వేదాల హడావిడిలో ఆ మొదటి భాగాన్ని నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆ చేప పెరిగిన ప్రతిసారీ మనువుకి పని పెరుగుతుంది. ఒక్కసారి కూడా "కుండ ఎంతుంటే నువ్వు అంతే ఉండు" అనడు. కుండ మారుతుంది, చేప మారదు.

మన గోల్డ్‌ఫిష్ కూడా మత్స్యన్యాయం నుంచి తప్పించమని చేతుల్లోకి వచ్చిన చేపే. మనం కుండని అలాగే ఉంచి, చేపని కుండకి తగ్గట్టు, కుండలోకి తొంగిచూసే కంటికి తగ్గట్టు మార్చుకున్నాం. ఇప్పుడు దాన్ని ఏ చెరువులో వదిలినా మత్స్యన్యాయం ముందు ఒక్క పూట నిలవదు. అంటే రక్షణ ఇచ్చి, తిరిగి వెళ్ళే దారి తీసేశాం. నా 200 లీటర్ల ట్యాంకు చూసుకుని నేను మనువులా గర్వపడ్డాను. ఆ ట్యాంకు వచ్చేసరికే అయిదారు వందల ఏళ్ళు ఆలస్యమైంది.

కథ అయిపోయాక మా అమ్మాయి అడిగింది, "బొట్టుని కూడా సముద్రంలో వేద్దామా నాన్నా?" అక్కడ అది ఈదలేదమ్మా అన్నాను. "ఇక్కడా ఈదట్లేదు కదా" అంది.

ఇరవై మూడో రోజు రాత్రి, అమ్మాయి పడుకున్నాక, ట్యాంకు నీళ్ళే ఒక స్టీలు గిన్నెలోకి తీసుకుని, బొట్టుని అందులోకి మార్చి, లవంగ నూనెని కాసిని గోరువెచ్చటి నీళ్ళలో బాగా గిలకొట్టి, కొంచెంకొంచెంగా పోశాను. నా భార్య పక్కనే నిలబడింది. వంటిల్లంతా బిర్యానీ వాసన. ఆ వాసన గురించి రాయకూడదనుకున్నాను గానీ, ఆ రాత్రి నుంచి నాకు గుర్తున్నది అదొక్కటే. మత్తు ఎక్కుతుండగా దాని ఒంట్లో బిగువు వదిలింది. ఒక పక్కకి ఒరిగింది. చాలా రోజుల తర్వాత మొదటిసారి దాని పొట్ట ఆకాశం చూడటం మానేసింది. మొప్పలు ఆగిపోయాక కూడా అరగంట అలాగే ఉంచాను. ఇరవై రోజుల ముందే చెయ్యాల్సిన పని అని అప్పటికి నాకు స్పష్టంగా తెలుసు. నేను ఆగింది దానికోసం కాదు, చంపినవాణ్ణి కాకుండా ఉండటం కోసం.

కథ అక్కడ ఆగలేదు. ట్యాంకు ఖాళీ అయిన పది రోజులకి పక్క బ్లాకులో ఒకాయన కెనడా వెళ్తూ తన రెండు చేపల్ని తీసుకుంటారా అని అడిగాడు. ఒకటి ఫ్యాన్‌టెయిల్, ఒకటి బబుల్ ఐ. కొనకూడదు అని గట్టిగా అనుకున్నాను గానీ, ఇవి కొనేవి కావు, ఉన్నవి. ఉన్నదాన్ని చూసుకోవడం వేరు, లేనిదాన్ని కోరుకోవడం వేరు అని నాకు నేను చెప్పుకుని తెచ్చాను. గులకరాళ్ళన్నీ తీసేశాను. ఫిల్టర్ నీళ్ళు పీల్చే గొట్టానికి స్పాంజి తొడిగాను. బబుల్ ఐకి తిండి కనపడదు కాబట్టి గింజలు చేత్తో దాని నోటి దగ్గరే వదలాలి. మా అమ్మాయి దానికి బుంగ అని పేరు పెట్టింది. బాగున్నాయి రెండూ. నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

ఆ బాగుండటం దగ్గరే మళ్ళీ దొరికిపోయాను. ఒక ఆదివారం ఆఫీసు స్నేహితుడు కుటుంబంతో వచ్చాడు. వాళ్ళబ్బాయి ట్యాంకు ముందు గంటసేపు కదల్లేదు. కళ్ళ కింద సంచులు ఊగుతుంటే పగలబడి నవ్వాడు. నేను ఆ చేప గురించి చెప్పాల్సినవన్నీ చెప్పాను, ఈ వ్యాసంలో రాసినవన్నీ దాదాపు. స్నేహితుడు శ్రద్ధగా విన్నాడు. మరుసటి శనివారం వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. గుండ్రటి గాజు గిన్నె, అందులో బబుల్ ఐ. "మీ బుంగని చూసి వాడు ఒకటే గొడవ" అని కింద రాశాడు.

నా మాటలు కాదు, నా శుభ్రమైన నీళ్ళే అతనితో మాట్లాడాయి. సరిగ్గా చూసుకోని ట్యాంకు చూస్తే ఎవరికీ చేప కొనాలనిపించదు.

ఫోన్ చేసి ఆ గిన్నె ఎందుకు కుదరదో చెప్పి, నా పాత 40 లీటర్ల ట్యాంకు ఇస్తానన్నాను. అదీ చాలదు గానీ గిన్నెకంటే నయం. నా ఫిల్టర్ స్పాంజిలో ఒక ముక్క కోసి, ఆరిపోకుండా ట్యాంకు నీళ్ళతోనే సంచీలో వేసి తీసుకెళ్ళి ఇచ్చాను. కనీసం వాళ్ళ ఇంటికి మరుగుదొడ్డి ఉంటుంది.

మా ట్యాంకుని మాత్రం హాల్లోంచి వెనక గదిలోకి మార్చేశాం. 200 లీటర్లూ బకెట్లలోకి తోడి, ఖాళీ గాజుపెట్టెని నేనూ వాచ్‌మనూ చెరోపక్కా పట్టుకుని మోసి, మళ్ళీ నింపేసరికి సాయంత్రం అయింది. ఆ గదికి ఏసీ లేదు, ఉత్తరం వైపు కిటికీ ఉంది, ఎండాకాలం సంగతి అప్పుడు చూడాలి. "ఇక్కడైతే ఎవరికీ కనపడదు కదా నాన్నా" అని మా అమ్మాయి అలిగింది. గింజల డబ్బా తన చేతికిచ్చాను. తను స్టూలెక్కి, చెయ్యి నీళ్ళలో ముంచి, బుంగ నోటి దగ్గర ఒక్కో గింజే వదలసాగింది.